మెరిసేదాకా తోమిన స్క్రూ

మసరత్‌కు కోపమొస్తే ఆపరేషన్ థియేటర్లో ఏసీ కూడా చప్పుడు చేయడానికి జంకుతుందని ప్రొద్దుటూరులోని ఆ ఆసుపత్రిలో అందరూ చెప్పుకుంటారు. జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో వచ్చే ఈ థియేటర్ సిస్టరుకు పనిముట్టు మీద చిన్న మరక కనబడినా ఒళ్లు మండిపోయేది. విరిగిన ఎముకలకు బిగించే స్టీలు స్క్రూలను తనే బ్రష్షుతో తోమి, ఆవిరి పెట్టెలో ఉడికించి అరలో సర్దేది. ఆమె చేయి పడ్డాక ఏ గాయమూ చీము పట్టదని డాక్టర్ విష్ణువర్ధన్ నలుగురిలో అంటుంటే లోలోపల పొంగిపోయేది కూడా.

ఆ వేసవిలో కొత్తరకం స్క్రూ వచ్చింది, మెగ్నీషియంది. ఎముక అతుక్కున్నాక ఒంట్లోనే మెల్లగా కరిగిపోతుందట, తీయడానికి మళ్లీ కోత అక్కర్లేదట. కంపెనీ మనిషి డాక్టరు గదిలో తలుపు వేసుకుని మాట్లాడి, టీ తాగి పోయాడు.

“దీనికేమన్నా వేరే పద్ధతుందా సార్?” అని మసరత్ అడిగింది.

“అన్నిట్లాగే చెయ్ సిస్టర్,” అన్నాడు డాక్టరు, ఫోను మీంచి తల ఎత్తకుండా.

అన్నిట్లాగే చేసింది. కంపెనీ ప్యాకెట్ల శుభ్రాన్ని ఆమె ఏనాడూ నమ్మలేదు. చించి చూస్తే స్క్రూ మసి పట్టినట్టు బూడిదరంగులో ఉంది. ఇదేం పాచి సరుకని తిట్టుకుంటూ మెరిసేదాకా తోమి, ఉడికించింది. అది పులివెందుల పిల్ల హర్షిణి చీలమండలోకి పోయింది. బళ్లో ఖోఖో ఆడుతూ పడి కాలు విరగ్గొట్టుకున్న పిల్ల.

కొన్ని వారాలకే ఆ కాలు వాచి, నొక్కితే లోపల గాలి కదిలినట్టయింది. ఎక్స్‌రేలో ఎముక అతకలేదు, స్క్రూ సగం లేదు. దాన్ని తీసేయాలని పిల్లను చేర్చుకున్నారు.

“నడవొద్దంటే నడిచింది,” అన్నాడు డాక్టరు.

పిల్ల తండ్రి, రైతు నారాయణ వార్డులో అందరి ముందూ కూతుర్ని ఎడాపెడా తిట్టాడు. “నేను కాలు కింద పెట్టలేదు నాయనా,” అని పిల్ల ఏడుస్తూనే ఉంది. మసరత్ కూడా ఊరుకోలేదు. ఆటల పిచ్చి మీద తానూ నాలుగు చీవాట్లు పెట్టింది.

మరునాడు కంపెనీ మనిషి ఇంకో పెట్టె తెచ్చాడు. మసరత్ స్క్రూ తీసి బ్రష్షు అందుకోగానే అతను కేక పెట్టాడు. “తోమొద్దమ్మా! ఆ బూడిదరంగు పూతే దానికి కాపు. అది పోతే ఎముక అతికేలోపే స్క్రూ కరిగిపోతుంది, గాలి చేరి కాలు వాస్తుంది. సారుకు ఆ రోజే చెప్పినా గదా.”

మసరత్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. నేరుగా డాక్టరు గదిలోకి దూరింది.

“పూత సంగతి నాకెందుకు చెప్పలేదు సార్?”

“మర్చిపోయినా. ఎట్లాగూ స్క్రూ తీసేస్తాండాం, బయట అరవద్దు. తోమింది నువ్వు, నీకే చుట్టుకుంటుంది.”

“చుట్టుకోనీ సార్. మీరు మర్చిపోతిరి, నేను తోమితి. తిట్లు మాత్రం ఆ పిల్ల తింటాంది. సిగ్గుగా లేదా మనకు?”

ఎంత సులువుగా తప్పును పసిదాని నెత్తిన రుద్దాడు! తానెంత సులువుగా నమ్మింది! డాక్టరు మీద ఎంత మండుతోందో తన చేతుల మీదా అంతే మండుతోంది. వార్డుకు వెళ్లి నారాయణకు అంతా చెప్పేసింది.

“ఏందీ? నా బిడ్డ కాలు మీరు చెడగొట్టి దాన్ని తిట్టిస్తారా? నువ్వొక మనిషివేనా?” అంటూ నారాయణ నోటికొచ్చినట్టు తిట్టాడు. మసరత్ ఎవరి మాటా పడే రకం కాదు. ఆ పూట మాత్రం నిలబడి పడింది.

“ఇంకా తిట్టప్పా, పడతా. ముందు నీ బిడ్డ దిక్కు తిరుగు. వచ్చినప్పట్నుంచి ఈడ నిజం చెప్తాండేది ఆ పిల్లొకతే.”

నారాయణ గొంతు తగ్గించి కూతుర్ని పేరు పెట్టి పిలిచాడు. గోడవైపు తిరిగి పడుకున్న హర్షిణి దుప్పటిని తల మీదికి లాక్కుంది.