కొత్త ఇంజిన్‌తో కొండ దిగిన రోజు

మైక్ సెట్టుతో ఊరూరా తిరిగే మాకు బండే ఇల్లు. సువార్త కూటాలు మూడేసి రోజులు జరుగుతాయి కాబట్టి మా ఆయన, నేను, అత్తమ్మ ఆ పాత వ్యాన్‌లోనే వండుకుని అందులోనే పడుకునేవాళ్లం. గ్యాస్ పొయ్యి, నీళ్ల డ్రమ్ము, పడుకోవడానికి ఒక చెక్క బల్ల, అన్నీ ఉండేవి. దాని పెట్రోల్ ఇంజిన్‌కి మాత్రం సత్తువ లేదు. సౌండ్ బాక్సులు, జనరేటర్ ఎక్కించామంటే చిన్న ఎత్తుకి కూడా నేనూ అత్తమ్మా దిగి నడవాల్సిందే. ఆటోల్లో పోయేవాళ్లు మమ్మల్ని చూసి నవ్వేవాళ్లు. నేను వాళ్లని మనసారా తిట్టుకునేదాన్ని.

ఎత్తులో ఎక్కువ తాగిన పెట్రోలు దిగుడులో మిగుల్చుకోవాలని మా ఆయన పట్టుదల. దిగుడు కనిపిస్తే చాలు, న్యూట్రల్‌లో వేసి తాళం తిప్పి ఇంజిన్ ఆపేసేవాడు. ఇన్నేళ్లలో ఏమీ కాలేదు. ఆ బండి బ్రేకులు కాలి బలంతోనే పడేవి, ఇంజిన్ నడుస్తున్నా ఆగినా ఒకటే.

పోయిన వేసవిలో నరసరావుపేటలో ఒక మేస్త్రీ షెడ్డులో ఇంజిన్ మార్పించాం. బోల్తా పడిన సరుకుల బండిలోంచి తీసిన డీజిల్ ఇంజిన్ అది. దాంతోపాటు ఆ బండి బ్రేకు బూస్టర్ కూడా బిగించాడు. పాదం ఆనిస్తే చాలు, బండి ఆగిపోయేది. మా ఆయన మురిసిపోయి, ఇక బరువుకి భయం లేదంటూ నేను పడుకునే బల్ల ఊడదీయించి, ఆ చోట ఇంకో రెండు బాక్సులు పెట్టించాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. అప్పటి నుంచి ఆయనతో మాటలు మానేశాను. నా అలక మూడు రోజులకి తక్కువ ఉండదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

బయల్దేరే ముందు ఆయన డబ్బా పట్టుకుని డీజిల్‌కి వెళ్లాడు. మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"చెల్లెమ్మా, ఇంజిన్ ఆగితే ఈ బ్రేకు రెండు మూడుసార్లకంటే పడదు. దిగుడులో ఆపొద్దని బావకి చెప్పు."

సరేనన్నాను. చెబితే అలక నేనే వదులుకున్నట్టవుతుంది. దిగుడు వచ్చేదాకా చూద్దాంలే అనుకున్నాను.

కూటం సాగర్ దగ్గర ఒక ఊళ్లో. మాచర్ల దాకా బండి పరుగు చూసి నాకే ముచ్చటేసింది. ఎక్కడా ఎవరం దిగలేదు. అత్తమ్మ వెనక బాక్సుల మధ్య చాప వేసుకుని కూర్చుంది. మాచర్ల దాటి కొండ దిగుడు మొదలవగానే మా ఆయన చెయ్యి తాళం మీదికి పోయింది. నేను చూస్తూనే ఉన్నాను. ఇంజిన్ చప్పుడు ఆగిపోయింది. రెండుసార్లు పడుతుందన్నాడుగా, అంతలో ఏమవుతుంది అనుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అనుకున్నది అదే.

మొదటి మలుపులో బ్రేకు పడింది. రెండో మలుపులో సగమే పడింది. మూడోసారి ఆయన పెడల్ మీద లేచి నిలబడ్డంత పని చేశాడు. బండి ఆగకపోగా ఇంకా ఊపందుకుంది. ఎడమ పక్క లోయ. మా ముందు మిర్చి బస్తాలతో ఒక ట్రాక్టర్ మెల్లగా దిగుతోంది. వెనక తాడు తెగి బాక్సు జరిగిన చప్పుడైంది. అత్తమ్మ "ఒరేయ్, మెల్లగా" అంది. ఆ తర్వాత ఆమె గొంతు వినపడలేదు.

అత్తమ్మ చచ్చిపోయిందనే అనుకున్నాను. చంపింది నేనే అనుకున్నాను.

"తాళం తిప్పు. గేర్లో వెయ్యి. ఇంజిన్ లేందే బ్రేకు పడదు" అని ఎలాగో అన్నాను.

ఆయన తాళం తిప్పి, గేరు వేసి క్లచ్ వదిలాడు. బండి ఒక్క కుదుపు కుదిపి ఇంజిన్ అందుకుంది. క్షణం ఆగి బ్రేకు పడింది. ట్రాక్టర్ ట్రక్కుకి మూరెడు దూరంలో ఆగాం.

వెనక తలుపు తీస్తే అత్తమ్మ బాక్సుకీ బండి గోడకీ మధ్య ఇరుక్కుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి, మాట రావడం లేదు. ఇద్దరం బాక్సు జరిపి ఆమెను దించాం. కుడి చెయ్యి అప్పటికే వాచింది. నీళ్లు తాగించబోయి సగం ఆమె చీర మీదే పోశాను.

మా ఆయన ఫోన్ తీశాడు. "పేణాలు పోయేయి. ఇంత సంగతి చెప్పకుండా బండి చేతికిచ్చాడేంది" అంటూ మేస్త్రీ నంబరు వెతకసాగాడు.

"చెప్పాడు. నాకు చెప్పాడు" అన్నాను.

ఆయన ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. తిడతాడని ఎదురుచూశాను. తిడితే నేనూ నాలుగు మాటలని ఏడ్చేదాన్ని. తిట్టలేదు. తల్లి చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ చెయ్యి నయమవడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు దిగుడులో ఇంజిన్ ఆపడం లేదు. అయినా దిగుడు వచ్చిన ప్రతిసారీ ఆయన బండి పక్కకి తీసి, నా ముఖంలోకి చూసి, "నాకు చెప్పాల్సిందేవన్నా ఉందా?" అని అడుగుతాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడుగుతాడు. ఏమీ లేదంటాను. నా మాట నమ్మాడో లేదో తెలియదు. కొండ దిగేంతసేపూ నాకు భయమేస్తూనే ఉంటుంది.