గోడమీది కాకర గింజలు

మా అత్తగారు పట్నం మనిషి. పట్నమంటే బీదరే అనుకోండి. కానీ కోటగోడ లోపల పుట్టినవాళ్లకూ బయట పుట్టినవాళ్లకూ చాలా తేడా ఉందని ఆమె గట్టి నమ్మకం. నేను చింతకి నుంచి, అంటే ఆమె లెక్కలో అడవిలోంచి, బీదరు శివార్లలో నౌబాద్‌లోని ఆమె ఇంటికి కోడలిగా వచ్చాను. అప్పటికి మా రాష్ట్రం పేరు ఇంకా మైసూరే. నౌబాద్‌లో ఇప్పటిలా షెడ్లూ, పొద్దస్తమానం బండ్ల మోతా లేవు. మా పెరడు దాటితే అన్నీ జొన్నచేలే.

పెళ్లి సామానుతోపాటు మా అమ్మ అరచేయంత పిడకనొకదాన్ని గుడ్డలో చుట్టి ఇచ్చింది. దాని నిండా పొట్టికాకర గింజలు. మా ఊళ్లో పాదుల విత్తనాలు అట్లాగే దాస్తారు. పేడముద్దలో గింజలు అద్ది గోడకు కొడితే పురుగు పట్టదు. వానలు మొదలుకాగానే పెళ్లగించి నాటుకోవడమే. ఆ కాకరకాయ బొటనవేలంత ఉంటుంది, చేదుకు మాత్రం ఏ లోటూ ఉండదు. పిడకను చూసి అత్తగారు ముక్కు మూసుకుని అటు తిరిగిపోయారు. లోపల ఏముందో చూడనేలేదు, నేనూ చెప్పలేదు.

ఆ ఏడు కంచె నిండా కాకర పాకింది. చలికాలంలో తీగ పసుపుబారాక మిగిలిన కాయలన్నీ కోసి, చక్రాల్లా తరిగి, ఉప్పూ పసుపూ పట్టించి, నులకమంచం మీద పాత చీర పరిచి ఎండబోశాను. వరుగులంటే చేత్తో కదిపితే గలగలమనాలి. "నువ్వు పో, కాకులను నేను జూస్త" అని అత్తగారు మంచం పక్కన చేరేవారు. చేదని మొహం వికారంగా పెడుతూనే సగం ఎండిన ముక్కలు నోట్లో వేసుకునేవారు. కాకులే నయం.

కూరగాయలు దొరకని ముసురు రోజుల్లో ఆ వరుగులు నూనెలో వేయించి కారం చల్లితే ఆమెకు ఒక జొన్నరొట్టె ఎక్కువే పట్టేది. "మీ యమ్మకు ఇంకేం రాకున్నా కాకర పెంచుడు మాత్రం వచ్చు" అన్నారు ఒకసారి. ఆమె నోట అంతకుమించిన మెప్పు నేనెప్పుడూ వినలేదు.

మరుసటి చలికాలం పండుకాయల్లోంచి గింజలు తీసి, నేనే పిడక చేసి, పెరట్లో చూరు కింద గోడకు కొట్టాను. ఆ వేసవిలో అమ్మ జ్వరంతో పోయింది. మా అన్న ఆమె పాదులన్నీ పీకేసి అక్కడ ఎడ్లకొట్టం వేశాడు. అమ్మ లేని ఆ గడప తొక్కడానికి నాకు కాళ్లు రాలేదు. ఆమె కాకర ఇక మా గోడమీదే మిగిలింది. నీళ్లకు వెళ్తూ వస్తూ ఆ పిడకను ఒకసారి తడిమేదాన్ని.

తొలి వానలకు కట్టెలన్నీ తడిశాయి. ఒకరోజు పొద్దున నేను బావి నుంచి వచ్చేసరికి నీళ్లకాగు కింద మంట భగభగ లేస్తోంది. గోడమీద పిడక ఉన్నచోట గుండ్రటి మచ్చ ఉంది.

బిందెడు నీళ్లూ పొయ్యిలో కుమ్మరించాను. పుల్లతో కెలికితే మాడిన గింజలు పైకి తేలాయి.

"మా యమ్మ గింజలను కాలబెట్టిండ్రు!" అని అరిచాను.

"ఎండిన పిడ్కను పొయిల పెట్టక ఏం జేస్తరు? చెప్పాలె గద!" అన్నారామె. తప్పయిందన్న మాట ఆమె నోట ఎన్నడూ రాలేదు, ఆ రోజూ రాలేదు.

ఇద్దరికీ మాటలు బంద్. ఉప్పు అయిపోతే నేను పిల్లికి చెప్పేదాన్ని. ఆమె గోడకు చెప్పేవారు. మధ్యలో మా ఆయన నలిగిపోయాడు.

అట్లా ఉండగా ఒక పొద్దున అత్తగారు మంచి చీర కట్టుకుని, చెల్లెలింటికి పోయొస్తానని గోడకు చెప్పి వెళ్లారు. దీపాలు పెట్టేవేళకు వచ్చి నా ముందు కొంగుమూట విప్పారు. పిడక!

"కండక్టరు పిడ్కకు సుత లగేజి టికెట్ గావాలన్నడు. పక్కనున్నామె ముక్కు మూసుకొని ఎనుకకు వొయ్యింది" అని విసుక్కున్నారు.

"యాడిది అత్తమ్మా?"

"యాడిదైతేంది? పొట్టికాకరనే. నాటుతె నాటు, లేకుంటె నువ్వే పొయిల వెట్టు."

నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి నాకు. పిడక నానబెట్టి మర్నాడే నాటాను. కాసినవి అచ్చం అమ్మ కాకరే. రాష్ట్రానికి కర్ణాటక అని పేరు మారిన ఆ ఏడు కూడా మా మంచం నిండా వరుగులు ఎండాయి, అత్తగారు కాపలా కాశారు.

మరుసటి ఏడు అన్న కొడుకు పేరు పెట్టే పండుగకు చింతకి వెళ్లక తప్పలేదు. పక్కింటి ముసలమ్మ నన్ను చూసి చెయ్యి పట్టుకుంది.

"మీ అత్త ఏం మనిషే బిడ్డా! ఎండల ఇల్లిల్లు తిరిగింది. యాడ దొరకలే. ఆఖరుకు మీ యమ్మ నాకిచ్చిన ఇత్తునాలు ఉంటె ఇచ్చిన."

"ఏమని అడిగిండ్రు?"

"'తప్పు నాదే, నేనే కాలబెట్టిన. మా పిల్లకు తల్లి లేదు, జర గింజలియ్యుండ్రి' అని గడపగడపకు దండం వెట్టింది."

బస్సులో నౌబాద్ దాకా ఏడుస్తూనే వచ్చాను. ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే ఆమె తట్టుకోలేరు. రొట్టెల వేళకు డబ్బాలో మిగిలిన వరుగులన్నీ వేయించి ఆమె పళ్లెంలో పోశాను.

"గింత నూనె గుమ్మరిస్తరా ఎవరన్న?" అని కసురుకుంటూనే అత్తగారు అన్నీ తిన్నారు.