పని చెప్పని మొక్కలు

మొక్కల గురించి పుస్తకాలు రాసేవాళ్ళని ఒక్కసారి మే నెలలో నల్లపాడు తీసుకొచ్చి మా క్వార్టర్సు ముందు నిలబెట్టాలని ఎనభైల్లో నాకు పెద్ద కోరికగా ఉండేది. "ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి ఉంటాయి, పెద్దగా శ్రద్ధ అక్కర్లేదు" అని చల్లగా రాసేస్తారు. ఎక్కడ ఉంటాయి నాయనా? మా నల్లరేగడి ఎండాకాలం నెర్రెలిస్తే అందులో చెంచా పడినా మళ్ళీ దొరకదు. వానాకాలం చెప్పులకి అంటిన మట్టిని పుల్లతో గీక్కోవాలి. బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పు.

అయినా నాకు తోట కావాల్సి వచ్చింది. అమ్మ కోసం.

మా అమ్మ కలుపు కూలికి వెళ్ళే మనిషి. మిరపచేలల్లో, పత్తిచేలల్లో వంచిన నడుం ఎత్తకుండా నన్ను టీచర్ ట్రైనింగు దాకా చదివించింది. నాన్న పోయాక కూడా మానలేదు. ఆ ఏడు మిరపచేలో కళ్ళు తిరిగి పడిపోతే గుంటూరులో చూపించాను. గుండె బలహీనంగా ఉంది, ఇంక ఎండలో వంగి పని చేస్తే మనిషి దక్కదన్నాడు డాక్టరు. ఊళ్ళో వదిలేస్తే వినే రకం కాదని నా దగ్గరికి తెచ్చేసుకున్నాను. నేనప్పుడు నల్లపాడులో ఒక మిషన్ స్కూల్లో పనిచేస్తూ, వాళ్ళ క్వార్టర్సులో ఉండేదాన్ని.

తెచ్చానే గానీ ఆమెకి కాలూ చెయ్యీ కట్టేసినట్టయింది. అన్నం సహించేది కాదు. వరండాలో కూర్చుని వాకిట్లో బీటలు చూస్తూ ఉండేది. "అమ్మాయ్, ఈ ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను బస్సెక్కించు" అని వారం వారం అదే పాట.

వాకిట్లో పచ్చగా ఏదన్నా ఉంటే మనసు నిలుస్తుందేమో అనిపించింది. కానీ తోటంటే పని, పనంటే వంగడం. అందుకని పని చెప్పని మొక్కలే ఎంచాలనుకున్నాను. పాదు చెయ్యక్కర్లేనివి, కత్తిరించక్కర్లేనివి, మొండివి. గుంటూరులో నర్సరీ ఆయనకి ఇదే చెప్తే నన్ను ఎగాదిగా చూసి, "అట్లాంటివి ఉంటే మేం ఈ వ్యాపారం ఎందుకండీ చెయ్యడం" అన్నాడు. వెటకారం! నాకు నాలుగు కుండీలు అంటగట్టడం మాత్రం మానలేదు.

అవి ఫెర్న్‌లు, నీడలో పెరిగే ఆకుల మొక్కలు. మా హెడ్మిస్ట్రెస్ గారి బంగళా వరండాలో దొరల కాలం నాటి ఫెర్న్‌లు ఒత్తుగా ఉండేవి, వాటిని చూసి మోజుపడ్డాను. ఆ బంగళాకి మంచినీళ్ళ బావీ, చెట్ల నీడా ఉన్నాయన్న సంగతి నా బుర్రకి తట్టొద్దూ? వారం తిరక్కుండా ఆకులు వేయించిన అప్పడాల్లా అయిపోయాయి. "కొనుక్కొచ్చి మరీ చంపుతున్నావు గదే" అంది అమ్మ. మెట్టతామర దుంపలు పెడితే మొలిచాయి, మొలిచినవి మొలిచినట్టే పక్కింటి మేకలు తినేశాయి. ఇక బిళ్ళగన్నేరు ఒక్కటే దేనికీ జంకకుండా బతికింది. బతికిందని సంబరపడేలోపు అమ్మ మూతి తిప్పింది. "సమాధుల దొడ్లో పెంచేదాన్ని తెచ్చి గుమ్మంలో పెడతావా? నేనింకా పోలేదే!" దాన్నీ తీసేశాను. ఏడుపొచ్చింది నాకు.

ఆఖరికి హెడ్మిస్ట్రెస్ గారిని బతిమాలి వాళ్ళ లాన్ అంచున గడ్డి తవ్వించుకుని, గోనెసంచిలో వేసి రిక్షాలో తెచ్చాను. సాయంత్రాలు కూర్చుని నాటాను. మంచినీళ్ళు రైల్వే స్టేషన్ కుళాయి నుంచి బిందెలతో మోశాను. తొలకరి పడ్డాక వాకిలంతా పచ్చబడింది. చూస్తూనే ఉంది కదా, అమ్మకి మళ్ళీ చెప్పేదేముందని ఊరుకున్నాను. అదే నా తెలివితక్కువతనం.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి వాకిలి నల్లగా, నున్నగా ఉంది. గోడ పక్కన గడ్డంతా కుప్పలు కుప్పలుగా, మళ్ళీ పట్టుకోకుండా వేళ్ళు ఎండ వైపు తిప్పి పేర్చి ఉంది. అమ్మ మెట్టు మీద కూర్చుని అన్నం తింటోంది. రెండు నెలల తర్వాత ఆమె కడుపునిండా తినడం అదే చూశాను.

"నువ్వు నాటిందేందో కనపడకుండా ఎంత గడ్డి పెరగనిచ్చావే! వంగలేదులే, కూర్చుని జరుగుతా పీకా. ఒక్క వేరు మిగిల్తే అడుగు."

"అది గడ్డి కాదమ్మా!"

"గడ్డి కాక?"

"గడ్డే! కావాలని పెట్టుకున్న గడ్డి!"

ఆమె నా మొహం చూసి పకపకా నవ్వింది. బిందెలు మోసిన భుజం నొప్పి ఒక పక్క, ఆ నవ్వొక పక్క. నోరు జారాను. "కనపడిందల్లా పీకడం తప్ప నీకింకేం వచ్చు?" అనేశాను. నవ్వు ఆగిపోయింది. కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కుంది. ఆ మాట అన్న నోటిని ఇప్పటికీ తిట్టుకుంటాను.

ఆ ఆదివారం సాయంత్రానికల్లా వచ్చేస్తానని ఒట్టేసి ఊరికి వెళ్ళింది. అన్నట్టే వచ్చింది, తడి తువ్వాల్లో మూట కట్టుకుని. విప్పితే గట్ల మీది గరిక.

"దీన్ని చంపాలని పెళ్ళయిన కాడ్నుంచి చూస్తన్నా, నా వల్ల కాలా. నీ వాకిట్లో ఇదైతే బతికిద్ది. గరిక మోసుకెళ్తే ఊళ్ళో ఆడోళ్ళు నవ్వుతారని, మా అమ్మాయి కుందేళ్ళు పెంచుతోందని చెప్పి వచ్చా."

వద్దంటున్నా వినకుండా, మిరపనారు వేసినట్టు సాలు పట్టి తనే నాటింది. పుస్తకాల్లో చెప్పినవన్నీ చేసింది ఆ గరికే. నీళ్ళడగలేదు, నీడ అడగలేదు. పదిహేను రోజుల్లో అల్లుకుపోయింది. గెలిచానని ఎగిరిపడ్డాను. "చూశావా, నువ్వు వేలు కదపక్కర్లేదు. హాయిగా కూర్చో" అన్నాను.

కూర్చునేది. రోజూ పొద్దున్నే మెట్టు మీద, చేతులు రెండూ పైటలో దాచుకుని. ఒక తీగ దారి మీదికి పాకింది. దాని మీదికి చెయ్యి వెళ్ళేది, మళ్ళీ వెనక్కి తీసుకునేది. నేను చూశాను. చూసి నవ్వుకున్నాను కూడా. ఆ ఒక్కటీ పీకెయ్యమ్మా అని అననైనా అనలేదు.

ఒక సోమవారం బడి నుంచి వస్తే ఇంటికి తాళం ఉంది. పక్కింటి టీచరు గారు తాళంచెవి ఇచ్చి, "మీ ఊళ్ళో పత్తిచేలకి కలుపు పడిందటండీ, కూలికి వెళ్తానన్నారు మీ అమ్మగారు. ఎంత చెప్పినా ఆగలేదు" అన్నారు. లోపల అమ్మ సంచి లేదు, తువ్వాలు లేదు.

వాకిట్లోకి పరుగెత్తాను. గడ్డి ఎక్కడిదక్కడే ఉంది. ఒక్క పరక పీకలేదు. దారి మీదికి పాకిన తీగ కూడా అలాగే ఉంది.

పీకితే ఏం పోయేదమ్మా! మొత్తం పీకి పారేసి, ఇక్కడే ఉండిపోవాల్సింది!