సారు ఇంటి ముంగటి తీగె

మా ఎదురింటి ఇంగ్లీషు సారు పోయిన నెల కన్నుమూసిండు. తెల్లారి ఆయన భార్య ఏడ్సుకుంట వచ్చి చెప్పింది, నిద్రల్నే పానం పోయిందని. నా నోట్లకెల్లి వచ్చిన మొదటి మాట, "ఇంట్లనే ఉన్నడు గదా చెల్లె" అని. గదేం మాటని అనుకోకున్రి, చెప్తే మీకే తెలుస్తది.

సిద్దిపేటల మా గల్లీకి కిరాయికి వచ్చిన కొత్తలనే సారు ఇంటి ముంగట ఒక తీగె కట్టిండు. బట్టలకు కాదు. తొవ్వల ఏది దొరికినా దానికి కట్టేటోడు. ఒంటి చెప్పు, తాళంచెవి, పోరగాండ్ల టోపీ. ఒకపారి ఎవలియో కట్టుడు పండ్లు. "ఎవలిదో వాళ్ళే వచ్చి తీసుకోవాలె" అనేటోడు. పండ్లకు మాత్రం ఎవ్వలు రాలే, సిగ్గువడ్డట్టున్నరు.

పొద్దుమూకంగ ఆయన అరుగు మీద పోరగాండ్లకు ట్యూషన్ చెప్తుంటే, నేను మా గడపల కూసొని బియ్యం ఏరుకుంట వినేదాన్ని. ఒకనాడు అంతసేపు ఒక్కటే ఇంగ్లీషు మాట చెప్పిండు, లూజ్ అని, అంటే పోగొట్టుకునుడట. చెప్పు పారేసుకున్నా లూజేనట. ఆటల ఓడినా, తొవ్వ తప్పినా, కోపం ఆపుకోకపోయినా, ఒళ్ళు తగ్గినా గదేనట. ఆఖరికి మన మనిషి సచ్చిపోయినా గదే! నేను చాట కింద వెట్టిన.

"ఏంది సారూ, చెప్పుకూ మనిషికీ ఒక్కటే మాటనా? ఇంగ్లీషోళ్ళకు మాటలకు గంత కరువా?"

పోరగాండ్లు నవ్విన్రు. సారు నవ్వలే. "అన్నోళ్ళ మొకం చూడాలె అక్కా. ఎంత పోయిందో గాడ రాసి ఉంటది."

"మరి ఒళ్ళు తగ్గితే సంబురమే గదా?"

"నీ బెంగ తగ్గినా సంబురమే, మా అందరికి!"

ఆ మాట నన్ను పురుగు లెక్క తొలిచింది. పన్ను ఊడితే అనొచ్చా? అనొచ్చు. పాలు విరిగితే? "అది కాదక్కా" అని తల కొట్టుకునేటోడు.

కొన్నేండ్లకు సారుకే మతిమరుపు వచ్చింది. పాలకని పోయి తొవ్వ తప్పేటోడు. యాడనో, ఏ ఊరి తొవ్వలనో పడిపోతే ఎవలు గుర్తువడుతరని చెల్లెకు, నాకు ఇద్దరికి గుబులు. ఆయన బయటికి పోతే మూల తిరిగేదాక నేను చూసేదాన్ని. ఒకనాడు అన్నం వంచి వచ్చేలోపట లేడు. గల్లీలన్నీ తిరిగినం. బస్టాండుకు ఉరికినం.

చీకటి వడంగ హుస్నాబాద్ బస్సు కండక్టర్, చిన్నప్పుడు ఆ అరుగు మీదనే చదివినోడు, సారు చెయ్యి వట్టుకొని తోలుకొచ్చిండు. "అవ్వా, మీ సారు దొరికిండు. నంగునూరు దాటినంక గుర్తువట్టిన. ఇగ తీగెకు కట్టుకోన్రి!"

అందరం నవ్వినం. సారు మాత్రం నా దిక్కే చూసిండు. "నీ మొకం చూస్తే తెలుస్తున్నదక్కా. చానా దూరం పోయినట్టున్న."

ఆనాడు సారు చేతిల పట్టుకపోయిన గొడుగు బస్సులనో యాడనో పోయింది. పోతే పోనీ అనుకున్నం.

పోయిన నెల సారు దినాలు అయినంక గా కండక్టరే గొడుగు తెచ్చిచ్చిండు. డిపోల ఏ మూలకో పడి ఉన్నదట. చెల్లె దాన్ని అందుకున్నది. లోపటికి తీసుకపోలే. తీగెకు కట్టింది.

వానలు మొదలైనయి. గొడుగు గాడ్నే తడుస్తున్నది. నేను గడపల కూసొని బియ్యం ఏరుకుంట, గల్లీ మూల దిక్కు చూస్తున్న.