బర్గండీ ముట్టని స్వామి

మా రాష్ట్రంలో మద్యనిషేధం అమలులో ఉన్న రోజుల్లో నేను బహ్రెయిన్‌లో ఒక హోటల్లో ఫ్రెంచి ద్రాక్షసారాను తెల్ల చేతిగుడ్డ చుట్టి వడ్డిస్తూ ఉండేవాణ్ణి. ఈ వాక్యంలోని వైరుధ్యాన్ని ఎవరూ నాకు ఎత్తిచూపనక్కర్లేదు. కళాశాలలో మద్యనిషేధాన్ని సమర్థిస్తూ మాట్లాడి కప్పు గెలిచినవాణ్ణి నేను. అదే వేదిక మీద, జీవితంలో చుక్క ముట్టనని ప్రతిజ్ఞ కూడా చేశాను. నిజానికి ప్రతిజ్ఞ నా ప్రసంగంలో భాగం కాదు. చప్పట్లు బాగా పడుతున్నాయి కదా అని చివర్లో కలిపాను. ఆ కప్పు చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు. వీసా తెచ్చిన ఏజెంటు హోటల్ అన్నాడు గాని, హోటల్లో ఏ మూలో చెప్పలేదు. ముట్టనన్నాను గాని వడ్డించనని అనలేదు కదా అన్న వాదనతో నన్ను నేను ఓడించుకుని, పనిలో చేరాను.

మా రెస్టారెంటు మేనేజరు లెబనాన్ మనిషి. మధ్యాహ్నం భోజనాలకూ రాత్రి భోజనాలకూ నడుమ మమ్మల్ని వంటింటి పక్క గదిలో కూర్చోబెట్టి, గోడకు ఫ్రాన్సు పటం తగిలించి పాఠం చెప్పేవాడు. ఆయన భక్తితో చెప్పేవాడు. మేము మాకు తెలిసిన వాటితో పోల్చుకుని వినేవాళ్ళం. బోర్డో అంటే మాకు జమీందారీ. అక్కడి కోటలకు నూట నలభై ఏళ్ళ కిందట ఎవరో హోదాలు కట్టారట, ఈనాటికీ అవే చలామణి. తాతకు పేరుంటే మనవడి సీసాకూ దండం పెట్టాలి. బర్గండీ అన్నదమ్ముల పంపకం. ఒకే చేను ముక్కలై ముక్కలై, చివరికి ఒక్కొక్కరికి నాలుగు వరుసల తీగలు మిగిలిన చోటు. షాంపేన్‌ది కాకినాడ కాజా తగాదా: ఆ పొలిమేర దాటి ఎవరు చేసినా చేయవచ్చు, ఆ పేరు మాత్రం పెట్టకూడదు. ఒకే కొండవాలులో గట్టుకు పైనున్న ద్రాక్ష మహారాజనీ, కిందున్నది కూలివాడనీ మేనేజరు గొంతు తగ్గించి, రహస్యం విప్పుతున్నట్టు చెప్పిన రోజు మాకెవరికీ ఆశ్చర్యం కలగలేదు. ఏటికి ఇవతలి వంకాయ రుచి అవతల రాదని మా ఇళ్ళలో ఎవరూ గొంతు తగ్గించకుండానే చెబుతారు.

నా పేచీ అంతా వర్ణనల దగ్గర. ఒక్కో సీసాకు ఒక్కో వర్ణన మేము కంఠస్థం చేయాలి. తడిసిన రాయి, పాత తోలు, పొగాకు పెట్టె, బ్లాక్‌కరెంట్ అనే సీమ పండు. ఆ పండును మాలో ఒక్కరమూ చూడలేదు. ఒకనాడు లేచి నిలబడి అడిగాను.

"సార్, నేను ఎన్నడూ చూడని పండు వాసన, నేను ఎన్నడూ రుచి చూడని సారాలో వస్తోందని అతిథికి చెబితే, అది సాక్ష్యమవుతుందా, పుకారవుతుందా?"

మేనేజరు "డ్యూటీ అవుతుంది, హబీబీ. కూర్చో," అన్నాడు.

మాలో ఆ పాఠాన్ని బుద్ధిగా ఒంటబట్టించుకున్నది రాజోలు వైపు నుంచి వచ్చిన ఒక సీనియర్ వెయిటరు. నేను అన్నయ్యా అని పిలిచేవాణ్ణి. ఆయనకు కావలసింది ద్రాక్షసారా కాదు, గది. వైన్ స్టీవార్డు పోస్టు ఖాళీగా ఉంది. ఆ పోస్టులో ఉన్నవాడు అతిథి ముందు సీసా తీసి, బాగుందో చెడిందో తానే ముందు చవిచూసి చెప్పాలి. సీసాల చల్లగది తాళాలు కూడా అతని దగ్గరే ఉంటాయి. ఆ పోస్టుకు ఉమ్మ్ అల్ హస్సామ్‌లోని మా స్టాఫ్ బిల్డింగులో ఫ్యామిలీ గది ఇస్తారు. అన్నయ్య భార్య కూడా బహ్రెయిన్‌లోనే ఉంది, మహూజ్‌లో ఒక ఇంట వంట చేస్తూ. ఇద్దరికీ నడుమ దూరం బస్సులో ఒక కునుకంత. అయినా ఆవిడ ఆ ఇంటి స్టోరు గదిలో, ఈయన మాతో పాటు నలుగురుండే గదిలో. శుక్రవారం మధ్యాహ్నం కోల్డ్‌స్టోర్ అనే కిరాణా కొట్టు ముందు నిలబడి కూల్‌డ్రింకు తాగడమే వాళ్ళ కాపురం.

అందుకని అన్నయ్య అయ్యప్పకు మొక్కుకున్నాడు. పోస్టు వస్తే, గది వస్తే, మాల వేసుకుని దీక్ష చేసి కొండకు వస్తానని. ఇక్కడే ఆయన తొందరపడ్డాడు. కోరిక తీరాక వేసుకోవలసిన మాలను, దేవుడికి కొంచెం మొహమాటం పెడదామని ముందే వేసేసుకున్నాడు. నవంబరులో మాల పడింది, ఆ రోజు నుంచి ఆయన మాకందరికీ స్వామి. యూనిఫారం ఎటూ నల్లదే, గడ్డం ఆ దేశంలో ఎవరికీ వింత కాదు, మాల చొక్కా లోపల. అంతా సవ్యంగా ఉందనుకుంటున్న సమయంలో మేనేజరు వచ్చి, బర్గండీ నుంచి ఒక ద్రాక్షసారా తయారీదారు వస్తున్నాడనీ, ఆయన ముందు సీసాలు తీసి, చవిచూసి, వర్ణించి మెప్పిస్తే పోస్టు అన్నయ్యదేననీ ప్రకటించాడు. ఆ విందు సరిగ్గా దీక్ష నడుమ పడింది.

గది కోసం పట్టిన దీక్ష నిలవాలంటే నోట చుక్క పడకూడదు. ఆ గది రావాలంటే పడాలి. తర్కశాస్త్రం చదివినవాడికి ఇది పండుగ. స్వామికి కాదు.

శుక్రవారం మా గదిలో పూజ అయ్యాక వ్యవహారం గురుస్వామి ముందుకు వచ్చింది. ఆయన నిజామాబాద్ వైపు మనిషి, కట్టుబడి పనుల్లో ఫోర్‌మన్. కూలీల క్యాంపులో స్వాములందరికీ మాలలు వేసేది ఆయనే. స్వామి భార్య కూడా వచ్చి గుమ్మం పక్కన కూర్చుంది. స్వామి తరఫు వకాల్తా నేను తీసుకున్నాను.

"గురుస్వామీ, గొంతు దిగనిది తాగడం కాదు కదా. ఈయన నోట్లో పోసుకుని ఉమ్మేస్తాడు. ఫ్రాన్సులో తయారుచేసేవాళ్ళు కూడా రోజూ అంతే చేస్తారు."

"తాగుడు గానప్పుడు నోట్లెందుకు పోస్కునుడు?" అన్నాడు గురుస్వామి.

నేను పూర్వనిర్ణయాన్ని ఉదహరించాను. "దీక్షలో చెప్పులు వేసుకోకూడదు. కానీ డ్యూటీలో బూట్లు వేసుకోవచ్చని మీరే సడలించారు. మాంసం పళ్ళాలు మోయవచ్చని కూడా. డ్యూటీ కోసం కాలికీ చేతికీ ఉన్న సడలింపు నోటికి ఎందుకు ఉండకూడదు?"

"కాలుకు డ్యూటీ ఉంటది. చేతికి ఉంటది. నోటికేం డ్యూటీ? ఎండల రోడ్డు కాలుతది, బూట్లు లేకుంటె పనిచ్చిన కఫీల్ ఊకోడు, అందుకే సడలించిన. నీ నోరేమన్న కాలుతున్నదా?"

"పోనీ, వాసన మాత్రం చూస్తే? సీసా చెడిందో లేదో ముక్కుతోనే తెలుస్తుంది."

"వాసన జూస్తె సగం తిన్నట్టే అన్నరు పెద్దలు."

ఇంత మంచి అవకాశం ఏ ప్రత్యర్థీ నాకు ఇవ్వలేదు. "అయితే రెండుసార్లు వాసన చూస్తే ఒక గ్లాసు తాగినట్టేనా?"

గురుస్వామి నిదానంగా అన్నాడు. "నువ్వు దినాం ఆ సీసాల నడుమనే ఉంటవ్ గద, తమ్మీ. చుక్క ముట్టనని ఒట్టేసిన అంటివి. నీ లెక్కల ఎన్ని గ్లాసులైనయో నువ్వే జెప్పు."

గుమ్మం దగ్గర నుంచి నవ్వు వినిపించింది. "ఆయ్, బాగా అడిగారండి. ఈ అబ్బాయి మొన్న నాకూ చెప్పాడండి ఒట్టు సంగతి, కప్పుతో సహా."

"మాతా, కాస్త ఆగండి," అన్నాడు స్వామి. దీక్షలో ఉన్నవాడికి ఆడవాళ్ళందరూ మాతలే, భార్యతో సహా.

"మాతనంట. మాతని చేసేశాక ఇంక గదెందుకండీ మనకి?" అందామె. తర్వాత నవ్వు ఆపేసింది. "ఆ స్టోరు గదిలో బియ్యం బస్తాల పక్కన పడుకుంటున్నానండి. పెళ్ళయినవాళ్ళమని పాస్‌పోర్టుల్లో తప్ప ఎక్కడుందండి? అలాగని మాల తీసెయ్యమని నేను చెప్పను. అలా వచ్చిన గదిలో నాకు నిద్ర పట్టదు."

దానితో వాదన ముగిసింది. నేను ఓడిపోయాను, అంతకన్నా అధ్వానమేమంటే, ఎదుటివాళ్ళ వాదన నాకు నచ్చింది కూడా.

విందు సాయంత్రం అతిథులు రాకముందే ఆ బర్గండీ మనిషి రెస్టారెంటులోకి వచ్చాడు. మేనేజరు పట్టు టై కట్టుకుని ఒక ప్రభువు కోసం ఎదురుచూస్తున్నాడు. వచ్చింది రైతు. గోళ్ళ కింద నలుపు, పగిలిన అరచేతులు, కోటు ఎవరిదో అడిగి తెచ్చుకున్నట్టుంది. కూర్చోకుండానే వడగళ్ళ గురించి మొదలుపెట్టాడు. ఆయన ఫ్రెంచిలో వాపోతుంటే మేనేజరు ఇంగ్లీషులో మాకు చెబుతున్నాడు. సగం పంట పోయిందట. మిగిలిన సగానికి ఆనుకున్న వరుసలు బావమరిదివట, వాళ్ళిద్దరికీ మాటల్లేవట. రంగు సంగతి వదిలేస్తే, మా జిల్లా మార్కెట్ యార్డులో నిలబెట్టినా ఎవరూ ఆయన్ని తిరిగి చూడరు.

స్వామి సీసా తీశాడు. బిరడా చప్పుడు కాకుండా వచ్చింది. ఆ మనిషి కొంచెం పోసుకుని, గ్లాసు తిప్పి, ముక్కు లోపల పెట్టి, పుక్కిలించి, నేను పట్టుకున్న బకెట్లో ఉమ్మాడు. తయారుచేసినవాడే ఉమ్మేస్తున్న సరుకును మనం భక్తితో మింగడమేమిటన్న ప్రశ్న నా నాలుక చివర దాకా వచ్చింది. బకెట్ చేతిలో ఉన్నవాడు అడగదగిన ప్రశ్న కాదు.

ఆయన గ్లాసు స్వామి వైపు జరిపాడు. స్వామి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"క్షమించాలి సార్. దీక్షలో ఉన్నాను. జనవరి దాకా ముట్టను."

మేనేజరు ముఖంలో ఆ పోస్టు మూసుకుపోవడం నాకు కనిపించింది. "ఖలాస్," అన్నాడు, తనలో తాను అన్నంత మెల్లగా. నేను బకెట్ కింద పెట్టి, వ్రతం అంటే ఏమిటో, కాలికీ నోటికీ తేడా ఏమిటో గురుస్వామి వాదనంతా ఇంగ్లీషులో వినిపించాను. నన్ను ఓడించిన వాదన కాబట్టి నాకు బాగా గుర్తుంది. మేనేజరు దాన్ని ఫ్రెంచిలో ఎంత చెప్పాడో, ఎంత మింగాడో నాకు తెలియదు. బర్గండీ మనిషి చివరిదాకా విని, గ్లాసు తీసి నా చేతిలో పెట్టాడు.

"అయితే నువ్వు."

ఎదురుగా స్వామి నిలబడి ఉన్నాడు. నా ప్రతిజ్ఞకు దేవుడు సాక్షి కాదు, చప్పట్లు సాక్షి. నోట్లో పోసుకున్నాను. ఉమ్మేశాను. గొంతు దిగనిది తాగడం కాదన్న నా వాదన ఎంత అబద్ధమో అప్పుడు అనుభవానికి వచ్చింది. ఉమ్మింది ఉమ్మగా మిగిలినది దానంతటదే దిగింది. పెద్దలు చెప్పిన ఆ సగం లెక్క తప్పేమీ కాదు.

"ఏముంది ఇందులో?" అని మేనేజరు అడిగాడు. కంఠస్థం చేసిన వర్ణనంతా నా నోటిలో సిద్ధంగా ఉంది.

"తొలివానకు రాలి, కాలి కింద నలిగిన నేరేడు పండు," అన్నాను. "వగరు ఇంకా పోలేదు."

ఆ పండు బర్గండీ మనిషి చూడలేదు. మొదటిసారి మేమిద్దరం సమానమయ్యాం. వగరు అన్న మాటకు మాత్రం తలూపాడు. "పోదు. దీన్ని పదేళ్ళు కదపకూడదు. తొందరపడి తెరిపించింది నేను." తర్వాత మేనేజరును ఒక మామూలు ప్రశ్న అడిగాడు. తాను లోగడ పంపిన పెట్టెలో ఇంకా ఏమైనా మిగిలిందా?

మేనేజరు దగ్గాడు. మా చల్లగదిలో సీసాలు తరచూ పగిలేవి. గాజుపెంకులు మాత్రం ఎన్నడూ కనిపించేవి కావు. పాత స్టీవార్డు నాలుకకు మంచి పేరుండేది.

బర్గండీ మనిషికి ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. "మా ఇంట్లో పీపాల గది తాళాలు మా మేనత్త దగ్గర ఉండేవి," అన్నాడు. "ఆవిడ బతికినంత కాలం చుక్క ముట్టలేదు. మా నాన్న తన తమ్ముళ్ళలో ఒక్కణ్ణీ నమ్మలేదు, ఆవిడను నమ్మాడు." స్వామి వైపు చూపించాడు. "చవిచూడ్డానికి ఈ కుర్రాడు చాలు. తాళాలు ఆయనకివ్వండి."

అతిథి మాట. ఇరవై నిమిషాల్లో విందు. మేనేజరు స్వామిని, గడియారాన్ని చూసి, "యల్లా, కానివ్వండి," అన్నాడు. పోస్టు ఖాయమైందని మాకు అర్థమైంది.

అలా స్వామి దీక్ష నిలిచింది, నాది పోయింది. జనవరి దాకా ప్రతి సాయంత్రం ఆయన సీసా తీసేవాడు, నేను చవిచూసి ఉమ్మేవాణ్ణి, ఆయన గంభీరంగా అతిథికి తలూపేవాడు. మద్యనిషేధం గురించి నా అభిప్రాయం మారలేదు. దాన్ని ఎవరితోనైనా వాదించే ముందు ఇప్పుడు కాస్త నోరు కడుక్కోవలసి వచ్చేది, అంతే.

డిసెంబరులో గది ఇచ్చారు, మా పై అంతస్తులో. ఆవిడ మహూజ్ నుంచి ట్రంకుపెట్టెతో వచ్చేసింది. స్వామి, నేను బియ్యం బస్తా మోసుకుని పైకెక్కాం. ఆయన బస్తాను గుమ్మం బయటే దించి, మొలకు కట్టుకున్న తాళాల గుత్తి సవరించుకున్నాడు. చల్లగది తాళం, ఈ గది తాళం, రెండూ ఒకే తాడుకు.

"లోపలికి రండి స్వామీ," అందామె. "తలుపు తీసే ఉంది కదండీ."

"జనవరి, మాతా. కొండకెళ్ళి రావాలండి."

"అయితే ఆ సీసాలకీ నాకూ ఒకటే మాటండీ మీది?"

స్వామి బస్తాను కాలితో గుమ్మం లోపలికి నెట్టాడు.

"వాటికి పదేళ్ళు చెప్పారండి ఆయన. మీకు జనవరే."