నూట ఇరవై ఏడు ఓల్టుల గడియారం

ఆ గడియారానికి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టమని అన్న మూడుసార్లు చెప్పాడు. నేను పెట్టలేదు. ఈ సంగతి ఎక్కడ మొదలుపెట్టినా అక్కడికే వస్తుంది కాబట్టి ముందే రాసేస్తున్నాను.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. జగిత్యాల వైపు మనిషి. రియాద్‌లో మా ఆయనతో పాటు ఒకే కంపెనీలో ఆస్పత్రి పరికరాలు బాగుచేసేవాడు. ఇన్ని ఉద్యోగాలు సౌదీలకే ఇవ్వాలన్న నితాఖాత్ చట్టం వచ్చాక ఆ కంపెనీ ఎరుపు జాబితాలో పడింది. సౌదీలు చాలినంతమంది లేరని మనవాళ్ల నివాస అనుమతులు, ఆ ఇఖామాలు, ఆపేశారు. మా ఆయనకు పూచీపడి పనిలో పెట్టుకునే ఇంకో కఫీల్ దొరికాడు, అల్లా దయ. అన్నకు దొరకలేదు. దేశం విడిచే ఖురూజ్ ముద్ర కొట్టించుకుని ఊరికి పోయి రిపేరు దుకాణం పెట్టుకుంటానన్నాడు.

పోయే ముందు ఒక డబ్బా తెచ్చి మా ఇంట్లో విప్పాడు. దూదిలో నాలుగు గాజు గొట్టాలు. పారేసిన ఏదో కొలత యంత్రంలోంచి ఊడదీసి ఏళ్ల తరబడి దాచుకున్నాడట. నిక్సీ గొట్టాలంటారు వాటిని. ఒక్కో గొట్టంలో సున్నా నుంచి తొమ్మిది దాకా సన్నటి తీగ అంకెలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఏ తీగకు కరెంటు అందితే ఆ అంకె నారింజ రంగులో వెలుగుతుంది. ఇప్పుడవి దొరకడమే అరుదు. వాటితో గడియారం చేయించి దుకాణం బల్ల మీద పెట్టుకుంటే, తన పనితనం గురించి నోరు విప్పి చెప్పుకోనక్కర్లేదని ఆయన ఆశ.

"సర్క్యూట్ నువ్వే గీయాలె చెల్లె. నాకు బాగుచేసుడే వస్తది, కొత్తది చేసుడు రాదు," అన్నాడు.

నేను కాలేజీ గడప ఎక్కలేదు. ప్రొద్దుటూరులో మా నాన్న రేడియోలు విప్పే బల్ల పక్కన కూర్చుని నేర్చుకున్నదే నా చదువు. అలాంటిదాన్ని నమ్మి గొట్టాలు నా చేతిలో పెట్టాడు.

గొట్టం వెలగాలంటే నూట డెబ్భై ఓల్టుల పైన కావాలి. దానికి తగిన ట్రాన్స్‌ఫార్మర్ కోసం బతా బజారంతా తిరగాలి, లేదా కొత్తగా తీగ చుట్టించాలి. అన్న ప్రయాణం చూస్తే పదిరోజులే ఉంది. అప్పుడే మా గోడ ప్లగ్గు మీద కన్ను పడింది. రియాద్ పాత ఇళ్లలో మామూలు ప్లగ్గుల్లో వచ్చేది నూట ఇరవై ఏడు ఓల్టులు. దాన్ని డయోడ్లతో ఒకే దిక్కుకు పారేలా చేసి కెపాసిటర్ మీద నిలిపితే సుమారు నూట ఎనభై. కొలిచి ఇచ్చినట్టు సరిపోయింది. కాగితం మీద ఆ అంకె చూసి అల్‌హందులిల్లా అనుకున్నాను. నా బద్ధకానికి అల్లా పేరు పెట్టుకున్నానని అప్పుడు తోచలేదు.

అంకెలు మార్చే చిప్పులకు ఐదు ఓల్టులు చాలు. వాటికి ఒక ఫోను చార్జరు విప్పి లోపల బిగించాను. ఎవరి చెయ్యీ తగలకుండా చుట్టూ చెక్కపెట్టె మూశాను. గడియారం వెలిగిన సాయంత్రం అన్న దాని ముందు చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత అడిగాడు, "మన తాన నడుస్తదా చెల్లె?"

చార్జరు మీద వంద నుంచి రెండువందల నలభై దాకా అని రాసి ఉండటం నా కళ్ల ముందు మెదిలింది. "నడుస్తాదన్నా," అనేశాను. ఆ చార్జరు సగం పనే చేస్తుందనీ, గొట్టాలున్న మిగతా సగం నేరుగా గోడలోంచి తాగుతుందనీ, గీసినదాన్ని నేనే మరిచాను.

అన్న వెళ్లిన ఐదోరోజు మధ్యాహ్నం పచ్చడి చేయబోయాను. ఊరి నుంచి తెచ్చుకున్న మిక్సీని ఇక్కడ మేమెవరం మామూలు ప్లగ్గుకు పెట్టం. ఏసీ కోసం వేసిన రెండువందల ఇరవై ప్లగ్గు దాకా మోసుకెళ్తాం. మిక్సీ చేతిలో ఉండగానే గడియారం గుర్తొచ్చింది. మన ఊళ్లో ప్రతి గోడలోనూ రెండువందల ముప్పై. నేను పెట్టిన కెపాసిటర్ ఓర్చేది రెండువందల యాభై. దాని మీద మూడువందలకు పైగా పడుతుంది.

దుకాణం తెరిచేది మర్నాడు పొద్దున; అందరి ముందు అప్పుడే గడియారం వెలిగిస్తానని అన్న చెప్పి వెళ్లాడు. ఫోను తీశాను, పెట్టేశాను. మూడుసార్లు చెప్పినా వినలేదన్న మాట ఒప్పుకోవాలి కదా. సాయంత్రం చెబుదామనుకుంటే మా ఆయన ఇంట్లోనే ఉన్నారు. నా పనితనం గురించి నలుగురికీ చెప్పుకునే మనిషి ముందు ఆ మాట రాలేదు. పొద్దున నమాజు చేశాను, టీ పెట్టాను, ఆయన్ను పనికి సాగనంపాను. ఊళ్లో ఇక్కడికన్నా రెండున్నర గంటలు ముందని తెలియనిదాన్నా? తెలిసే ఆలస్యం చేశాను. ఫోను చేసేసరికి అంతా అయిపోయింది.

వదిన ఎత్తింది. కొబ్బరికాయ కొట్టి, వచ్చినవాళ్లందరి ముందు అన్న గడియారం ప్లగ్గు పెట్టాడట. అంకెలు తెల్లగా మండినట్టయి, పటాకు పేలినట్టు పేలి పొగ వచ్చిందట. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఎవరో నవ్వి, ఈయనకు మన టీవీ ఇస్తే ఇల్లే పోతుందన్నారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు తగ్గింది.

అన్న ఫోను తీసుకుని, పాత సామానే కదా, పోయే కాలమొచ్చి పోయి ఉంటుందన్నాడు. ఆ మాట పట్టుకుని నేను ఊరుకోవచ్చు.

"కాదన్నా. తప్పు నాది. నిన్న మధ్యాహ్నమే నాకు తెలిసింది. సిగ్గుపడి చెప్పలేదు," అన్నాను.

మనిషికి చేసిన తప్పును ఆ మనిషే మన్నించాలని మా ఇంట్లో చిన్నప్పుడే నేర్పారు. ఎన్ని నమాజులు చేసినా ఆ పని వేరే ఎవరూ చేసిపెట్టరు. మన్నించమని అడిగాను.

"రెండు గొట్టాలు మిగిలినయి," అన్నాడు చివరికి. "గంటలన్న చూపిస్తయి. ముందుగాల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి సర్క్యూట్ బొమ్మ గీసి పంపు చెల్లె. మిగిలిన ముచ్చట తర్వాత."