అత్తయ్య ఆవకాయ పక్కన నా సముద్రం

ఆ రోజుల్లో బీయెస్సీ పాసైన ప్రతివాడూ దేశాన్ని ఉద్ధరించే భారం తన నెత్తినే ఉందనుకునేవాడు. (ఉద్యోగం లేనివాడు మరీ గట్టిగా అనుకునేవాడు.) నేనైతే దేశం చాలక సముద్రం మీద పడ్డాను. ఇనుప కొలుముల్లో మిగిలిపోయి ఫ్యాక్టరీలవాళ్ళు గుట్టలుగా పారేసే చిట్టెంలో భాస్వరం ఉంటుందనీ, సముద్రపు సూక్ష్మజీవులు దాన్ని కరిగించి నీళ్ళలోకి వదిలితే నాచు పెరుగుతుందనీ, ఆ నాచు తిని చేపలు బలుస్తాయనీ నా సిద్ధాంతం. "జాడీలో చేసి చూపించు, రీసెర్చి సీటు ఇప్పిస్తాను" అన్నారు వాల్తేరు ప్రొఫెసరుగారు. వేసవిలో విస్సన్నపేటకు చుట్టాల పెళ్ళికొస్తూ చూసి వెళ్తానన్నారు కూడా. సముద్రమేమో బందరులో ఉంది, నేనేమో ఆగిరిపల్లి మామిడితోటల మధ్య మేనత్త ఇంట్లో ఉన్నాను. అయినా తగ్గలేదు. కిరసనాయిలు డబ్బా (కడిగిందే లెండి) నిండా సముద్రపు నీళ్ళు బస్సులో మోసుకొచ్చాను. కండక్టరు దారి పొడవునా నన్ను జాలిగా చూశాడు.

అత్తయ్య దగ్గర పాత జాడీ అడిగి తీసుకుని, అందులో నీళ్ళూ చిట్టెం పొడీ పోసి, మూతికి వాసెన కట్టి వసారాలో పెట్టాను. వారం తిరిగేసరికి పైన జిగురుగా తెట్టు కట్టింది. నాకు పండగే. అత్తయ్యకు మాత్రం గుండె ఆగినంత పనైంది. అవి ఆవకాయలు పెట్టే రోజులు. ఇంటిల్లిపాదికీ ఏడాదికి సరిపడా ఆవకాయ నా జాడీ పక్కనే వరసగా కొలువుదీరి ఉంది. జాడీలో బూజు కనిపించిందంటే మా వైపు ఆ ఇల్లాలి పరువు వీధిన పడ్డట్టే.

"ఏంట్రా ఆ తెట్టు?"

"సూక్ష్మజీవులు అత్తయ్యా. కంటికి కనపడవు."

"కనపడనివి నా ఆవకాయలోకి పాకవని ఏంటి నమ్మకం?"

"పాకవు. అవి ఉప్పునీళ్ళలోనే బతుకుతాయి" అన్నాను దర్జాగా.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నా ఆవకాయలో ఉప్పు లేదనుకున్నావా?"

బీయెస్సీ చదివినవాణ్ణి కదా, "నీకు తెలీదులే" అని తోటలోకి జారుకున్నాను.

ప్రొఫెసరుగారు అన్నమాట ప్రకారం వచ్చారు. నేను వాసెన విప్పగానే ఘాటుకు ఇద్దరికీ తుమ్ములొచ్చాయి. నీళ్ళు పచ్చగా ఉన్నాయి. ఆయన తెచ్చుకున్న మైక్రోస్కోపు కింద ఒక చుక్క వేసి చూసి, "అన్నీ చచ్చాయి కదయ్యా!" అన్నారు.

"చావక ఏం చేస్తాయండీ?" అంది తలుపు చాటునుంచి అత్తయ్య. "ఆవపిండీ పసుపూ ఇంగువా దండిగా దట్టించాను. నా జాడీలో పురుగు బతికిన రోజు లేదండీ!"

ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. భోజనానికి కూర్చుని ఆవకాయ మారు వడ్డించుకున్నారు. సీటు సంగతి ఎత్తితే మాత్రం, "వచ్చే ఏడు మళ్ళీ చెయ్యి, చూద్దాం" అనేసి వెళ్ళిపోయారు.

పెరట్లోకి పోయి నిజంగానే ఏడ్చాను. అత్తయ్య కొత్తావకాయతో ఎర్రగా కలిపి, వెన్నపూస వేసిన అన్నం పళ్ళెంతో వెనకాలే వచ్చింది. "సముద్రం ఎక్కడికీ పోదులేరా, తిను" అంది. చచ్చినా తిననన్నాను. ఆనక పళ్ళెం నాకేశాను.

మరుసటి ఏడు రెడ్డిగూడెం బళ్ళో సైన్సు మాస్టారి ఉద్యోగం వచ్చింది. మళ్ళీ బందరు బస్సెక్కలేదు. ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. సముద్రానికే తిండి పెడతానని బయల్దేరి, అత్తయ్య చేతి ముద్దకు లొంగిపోయాడు పాపం.